బెర్లిన్ మహాసభ, బెంచీ మీద కూర్చున్న కార్మికుడు

2025 ఏప్రిల్ 2, 3 తేదీలలో జర్మనీ రాజధాని బెర్లిన్ నగరంలో ప్రపంచ వికలాంగుల శిఖరాగ్ర మహాసభ జరిగినది. జర్మనీ, జోర్డాన్ ప్రభుత్వాలును, అంతర్జాతీయ వికలాంగుల సంఘాల కూటమియు కలిసి దానిని నిర్వహించినవి. 2018 జూలైలో లండన్‌లోను, 2022 ఫిబ్రవరిలో నార్వే, ఘనా దేశాల ఆధ్వర్యంలోను జరిగిన సభల తరువాత ఇది మూడవది. అమ్మాన్ - బెర్లిన్ ప్రకటన పేరుతో ఒక పత్రం వెలువడినది. ప్రపంచ జనాభాలో సుమారు 15 శాతం మంది వికలాంగులు కనుక, ఆయా దేశాలలో అమలయ్యే అంతర్జాతీయ అభివృద్ధి కార్యక్రమాలలో కనీసం 15 శాతం వారి సమాన భాగస్వామ్యాన్ని లక్ష్యంగా పెట్టుకొనవలెనన్నది దాని సారాంశం. ప్రభుత్వాలు, సంస్థలు 800కు పైగా హామీలు ఇచ్చినవి.

ఇటువంటి సభల వార్త వచ్చినప్పుడు మన రన్నింగ్ రూములలోను, సార్టింగ్ హాళ్ళలోను వినిపించే మాట మాకు కొత్త కాదు. "పెద్దలు కూర్చున్నారు, పెద్ద మాటలు చెప్పుకున్నారు, లేచి వెళ్ళారు. మన గ్యాంగులో కాలు పోయినవాడికి దీనివల్ల ఏమి ఒరిగింది?" అని ఒక సభ్యుడు అడుగును, పదిమంది తల ఊపుదురు.

ఆ ప్రశ్న అడగవలసినదే. అయితే దానికి సమాధానం "ఏమీ లేదు" అని సభ్యులు అనుకొనుచున్నారే, అది సరికాదు. అంతర్జాతీయ సభలలో అన్న మాటలు మన సంచులలోకి, మన సర్వీసు పుస్తకాలలోకి వచ్చిన సందర్భాలు ఉన్నవి. రాని సందర్భాలు అంతకన్న ఎక్కువ ఉన్నవి. ఏవి వచ్చినవి, ఏవి రాలేదు, అందుకు కారణం ఏమిటి అన్నదే కార్మిక సంఘాలు ఆలోచించవలసిన విషయం.

మొదట తపాలా మిత్రులకు తెలిసిన ఉదాహరణ చెప్పెదము. 1952లో బ్రస్సెల్స్‌లో సమావేశమైన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ మహాసభ అంధుల సాహిత్యానికి తపాలా రుసుము ఉండరాదని నిర్ణయించినది. ఏడు కిలోల వరకు బరువుండే ఆ లావుపాటి పాకెట్లు, స్టాంపు లేకుండా, లోపలిది చూడవీలుగా కట్టి, సార్టింగ్ బల్ల మీదకు రావడం మన ఆర్.ఎం.ఎస్. సోదరులు ఎరుగుదురు. "బ్రెయిలీ కట్టల మీద బరువు పెట్టవద్దు, చుక్కలు నలిగిపోతే చదివేవాడికి అక్షరం పోతుంది" అని పాత సార్టర్లు కొత్తవారికి చెప్పుచుండగా మేము విన్నాము. ఆ నియమం ఎక్కడిదని వారిలో ఎవరూ అడిగి ఉండరు. ఒక అంతర్జాతీయ మహాసభ తీర్మానం ఒక గుమాస్తా చేతి జాగ్రత్తగా మారినది, అంతే.

రైల్వే సోదరులకు ఇంతకన్న పెద్ద ఉదాహరణ ఉన్నది. 1992 డిసెంబరు 1 నుండి 5 వరకు చైనా రాజధాని బీజింగ్‌లో ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ ఆర్థిక, సామాజిక సంఘం ఒక సమావేశం జరిపినది. 1993 నుండి 2002 వరకు ఆసియా పసిఫిక్ వికలాంగుల దశాబ్దాన్ని ఆరంభించుటకు పిలిచిన సభ అది. అక్కడ వెలువడిన ప్రకటనపై భారతదేశం కూడ సంతకం చేసినది. సంతకం చేసిన మాటను నిలబెట్టుకొనుటకు పార్లమెంటు రాజ్యాంగం 253వ అధికరణం క్రింద 1995లో వికలాంగుల చట్టం చేసినది. 1996 ఫిబ్రవరి 7న అది అమలులోకి వచ్చినది. ఆ చట్టంలోని 47వ సెక్షను, సర్వీసులో ఉండగా అంగవైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు అని శాసించినది. పాత పనికి పనికిరాకపోతే అదే వేతన స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలు గల మరొక పోస్టులోకి మార్చవలెను. ఆ పోస్టు దొరకకపోతే, దొరికేవరకు లేదా పదవీ విరమణ వయసు వచ్చేవరకు సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉంచవలెను.

ఈ కొన్ని వాక్యాల విలువ యువ సభ్యులకు తెలియవలెనంటే అంతకు పూర్వపు స్థితి చెప్పవలెను. మేము సంఘ పనిలోకి వచ్చిన 1990ల తొలినాళ్ళలో, కంటిచూపు పరీక్షలో తప్పిన ఫైర్‌మన్, పట్టాల మధ్య పాదం పోగొట్టుకున్న గ్యాంగ్‌మన్, ప్రత్యామ్నాయ ఉద్యోగం దొరకునా దొరకదా అని సెలవు దినాలు లెక్కపెట్టుకొనుచు కూర్చుండేవారు. సెలవు అయిపోయే నాటికి పోస్టు దొరికితే సరి. లేనిచో సర్వీసు ముగిసినట్లే. దొరికిన పోస్టు కూడ తక్కువ స్కేలుదైతే, తప్పు తనదైనట్లు తలవంచుకొని చేరవలసి వచ్చెడిది. చట్టం వచ్చిన తరువాత కూడ వెంటనే ఏమీ మారలేదు. ఫెడరేషన్లు పట్టుబట్టగా పట్టుబట్టగా 1999 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు ఎస్టాబ్లిష్‌మెంటు మాన్యువల్ 13వ అధ్యాయాన్ని చట్టానికి అనుగుణంగా సవరించినది. బీజింగ్ నుండి డివిజనల్ కార్యాలయం వరకు ఆ మాట ప్రయాణించుటకు ఆరేళ్ళకు పైగా పట్టినది. 2003 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, కాలు తీసివేయవలసి వచ్చిన ఒక కానిస్టేబుల్ కేసులో, 47వ సెక్షను తప్పనిసరిగా పాటించవలసినదే గాని యజమాని దయ కాదని తేల్చి చెప్పినది.

2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించినది. భారతదేశం 2007 అక్టోబరు 1న దానిని ధృవీకరించినది. దానిని అనుసరించి వచ్చిన 2016 నాటి చట్టం, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. పాత 47వ సెక్షను రక్షణ ఇప్పుడు అందులో 20వ సెక్షను నాలుగవ ఉపవిభాగంగా ఉన్నది. నియామకాలలో రిజర్వేషను 3 నుండి 4 శాతానికి పెరిగినది. గుర్తింపు పొందిన వైకల్యాలు 7 నుండి 21 అయినవి.

(పేరును గురించి ఒక మాట. 2015 డిసెంబరు నుండి "దివ్యాంగులు" అను పేరు ప్రభుత్వ కాగితాలలోకి ప్రవేశించినది. మా సభ్యులలో దానిని ఇష్టపడువారు ఉన్నారు, ఇష్టపడనివారు ఉన్నారు. "దివ్యత్వం నాకు వద్దు, ర్యాంపు కట్టించండి" అన్నాడు ఒక కృత్రిమ పాదం గల సోదరుడు. ఈ వ్యాసంలో మేము పాత మాటనే వాడుచున్నాము.)

ఇంతవరకు చెప్పినది సాధించినదాని లెక్క. ఇక సాధించనిదాని సంగతి.

మన కార్యాలయాలలో ఒక దృశ్యం అందరూ చూచి ఉందురు. వరండాలో ఒక బెంచీ. దాని మీద ఒక మనిషి. పూర్వం అతడు లోకో పైలట్, లేదా కీమన్, లేదా పాయింట్స్‌మన్. మెడికల్ పరీక్షలో డీకేటగరైజ్ అయినాడు. స్క్రీనింగ్ కమిటీ పిలుచును, పంపును, మళ్ళీ పిలుచును. ఈలోగా అతడు సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉన్నాడు. ఉదయం వచ్చి మస్టరులో సంతకం చేయును. సాయంత్రం వరకు కూర్చుండును. ఎవరైనా టీ తెమ్మంటే తెచ్చును. ఆ పని అతని పని కాదని అతనికి తెలియును, అడిగినవారికీ తెలియును. జీతం వచ్చుచున్నది. చట్టం పాటించబడినది. ఫైలు మూసివేయబడినది.

అటువంటి ఒక సోదరుని మేము పద్నాలుగు నెలలు చూచినాము. ఇరవై ఆరు సంవత్సరాలు ట్రాక్ మీద నడిచినవాడు. ఏ కిలోమీటరు వద్ద బ్యాలాస్టు జారునో, ఏ వంపులో వేసవిలో పట్టా ఉబ్బునో కాగితం చూడకుండ చెప్పగలవాడు. కొత్త ట్రాక్‌మన్‌లకు శిక్షణ ఇచ్చే చోట అతనికి ఒక కుర్చీ వేయండి అని మేము అడిగినాము. ఆ పోస్టుకు విద్యార్హత కావలెనన్నారు. స్టోర్సులో పనిముట్ల లెక్క అప్పగించండి అన్నాము. ఆ పని కాంట్రాక్టుకు ఇచ్చినామన్నారు. అతడు బెంచీ మీదనే రిటైరైనాడు. వీడ్కోలు సభలో దండ వేసినప్పుడు అతడు అన్న మాట మమ్ములను ఇప్పటికీ వదలలేదు: "జీతం ఇప్పించారు, మీ రుణం తీర్చుకోలేను. కాని అన్నా, పని మాత్రం ఇప్పించలేకపోయారు."

ఒడంబడిక 27వ అధికరణం మాట్లాడినది జీతాన్ని గురించి మాత్రమే కాదు. పని హక్కును గురించి. ఉద్యోగకాలంలో వైకల్యం పొందినవారికి కూడ ఆ హక్కు ఉన్నదని అది ప్రత్యేకంగా పేర్కొన్నది. మన చట్టం జీతాన్ని కాపాడినది. పనిని కాపాడలేదు. ఆ లోటు పూడ్చవలసిన బాధ్యత చర్చల బల్లకు ఇటువైపు కూర్చునే మాపై ఉన్నది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. పాక్షికంగా డీకేటగరైజ్ అయిన ఉద్యోగి స్వచ్ఛంద పదవీ విరమణ కోరితే అతని కుటుంబ సభ్యునికి కారుణ్య నియామకం పరిశీలించు అవకాశం 2006 నుండి రైల్వేలలో ఉన్నది. అది మంచి వెసులుబాటే. నిరుద్యోగం ఈ స్థాయిలో ఉన్నప్పుడు, నలభై ఎనిమిదేళ్ళ తండ్రి తన ఉద్యోగాన్ని వదులుకొని కొడుకును నిలబెట్టవలెనని అనుకొనుటను ఎవరు తప్పుపట్టగలరు? మేము కూడ అటువంటి దరఖాస్తులు ఎన్నో వ్రాసి ఇచ్చినాము. అయితే కొన్నిచోట్ల అది తండ్రి కోరికగా కాక, ఇంటిలోను, ఆఫీసులోను కలిసి చేయు ఒత్తిడిగా మారుచున్నది. "ఎలాగూ బెంచీ మీద కూర్చున్నావు, పిల్లవాడి దారి చూడు" అని పరిపాలన అనును, బంధువులు అందురు, కొన్నిసార్లు మన శాఖ కార్యదర్శియే అనును. పని ఇవ్వకుండ విసిగించి, విరమణను వరంగా చూపుట ఇది. తగిన పని చూపిన తరువాత కూడ అతడు విరమణ కోరితే అది అతని నిర్ణయం. పని చూపకముందే కోరితే దానిని నిర్ణయమని పిలువజాలము.

మరి ప్రత్యామ్నాయ పోస్టులు ఎక్కడ ఉన్నవి? పూర్వం ఉండేవి. ఎంక్వయిరీ కిటికీ, క్లోక్ రూం, పార్సెల్ ఆఫీసు, రికార్డు గది, వెయిటింగ్ హాలు, టెలిఫోన్ ఎక్స్చేంజి. అంధ సోదరులు ఎక్స్చేంజిలో కూర్చొని వందల నంబర్లు నోటితో చెప్పుచుండిన రోజులు మనలో చాలామందికి జ్ఞాపకమే. ఆఫీసు కుర్చీలకు కేన్ అల్లే పని కూడ వారిదే. యంత్రం వచ్చి కొన్ని పోయినవి, ప్లాస్టిక్ కుర్చీ వచ్చి ఒకటి పోయినది. దానికి ఎవరినీ నిందించలేము. మిగిలినవి మాత్రం వాటంతట అవి పోలేదు. సరెండరు చేసి, కాంట్రాక్టుకు ఇచ్చినారు. ఒక్కొక్క సరెండరు ఉత్తర్వు వెలువడినప్పుడు మనం పోస్టుల సంఖ్యను గురించి ఆందోళన చేసినాము, ప్రమోషన్ల కొరకు పోరాడినాము. రేపు కాలు పోయే సోదరుడు కూర్చోవలసిన కుర్చీ కూడ ఆ జాబితాలో ఉన్నదని మనకు తట్టలేదు. 20వ సెక్షను "మరొక పోస్టులోకి మార్చవలెను" అని చెప్పుచున్నది. మరొక పోస్టు అన్నదే లేకుండ చేస్తే ఆ సెక్షను కాగితం మీదనే ఉండిపోవును. రిజర్వేషను సంగతి కూడ అంతే. నాలుగు శాతం అనునది భర్తీ అయ్యే పోస్టులలో నాలుగు శాతం. కాంట్రాక్టరు పెట్టుకున్న మనుషులలో కాదు.

ఆ కాంట్రాక్టరు మనిషికే ట్రాక్ మీద చేయి పోతే? నష్టపరిహారం, అది కూడ తిరిగితే వచ్చును. బెంచీ సైతం అతనికి లేదు.

చట్టం ఆగిన చోట కార్మిక సంఘం ఏమి చేయగలదో చూపే తీర్పు ఒకటి ఇటీవల వచ్చినది. అది తెలుగు నేలకు సంబంధించినది. వర్ణాంధత్వం ఉన్నదని తేలిన ఒక ఆర్టీసీ డ్రైవరును వైద్య కారణాలపై సర్వీసు నుండి పంపివేసినారు. ప్రత్యామ్నాయ ఉద్యోగం నిరాకరించినారు. వర్ణాంధత్వం వికలాంగుల చట్టంలోని జాబితాలో లేదు. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థపై అతడు నడిపిన వ్యాజ్యంలో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతనికి తగిన ఉద్యోగం ఇవ్వవలెనని ఆదేశించినది. కోర్టు చేతికి దొరికిన ఆధారం ఏమిటి? 1979 డిసెంబరు 17న యాజమాన్యానికి, కార్మిక సంఘాలకు మధ్య కుదిరిన ఒప్పందంలోని ఒక క్లాజు. వర్ణాంధులైన డ్రైవర్లకు వేతన రక్షణతో ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వవలెనని నాటి నాయకులు వ్రాయించిన వాక్యం అది. నలభై ఐదు సంవత్సరాలు ఫైలులో నిద్రించి, లేచి, ఒక డ్రైవరుకు అన్నం పెట్టినది. దానిని వ్రాయించినవారికి ఆ డ్రైవరు ఎవరో తెలియదు. బీజింగ్ సభకు అది పదమూడేళ్ళు ముందు. ఏ అంతర్జాతీయ ప్రకటనయు చెప్పకముందే ఆ పని చేసిన ఆ పెద్దలకు మేము నమస్కరించుచున్నాము.

ఇక బెర్లిన్ వైపు మళ్ళీ చూచెదము. ఆ ప్రకటన చట్టబద్ధమైనది కాదు. అది ప్రధానంగా ధనిక దేశాలు ఇచ్చే అభివృద్ధి సహాయాన్ని గురించినది. ఆ సహాయం విషయంలో ధనిక దేశాల ప్రవర్తన ఏమిటి? తొలి సభకు ఆతిథ్యమిచ్చిన బ్రిటన్, బెర్లిన్ సభకు ఐదు వారాల ముందు, తన విదేశీ సహాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుండి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గించెదనని ప్రకటించినది. సభకు పక్షం రోజుల ముందు, మార్చి 18న, తన స్వంత వికలాంగుల భృతిలోనే కోతలు ప్రతిపాదించినది. వికలాంగుల సంఘాలు వీధులలోకి వచ్చి, అధికార పక్ష సభ్యులే తిరగబడిన తరువాత జూలై 1న ఆ కోతలో ముఖ్య భాగాన్ని విరమించుకున్నది. హామీ ఇచ్చిన చేయియే కోత పెట్టినది. దానిని ఆపినది మరొక ప్రకటన కాదు, ఆందోళన.

బెర్లిన్ సభకు ఆతిథ్యమిచ్చిన జర్మనీలో కూడ సుమారు మూడు లక్షలమంది వికలాంగులు ప్రత్యేక వర్క్‌షాపులలో పని చేయుచున్నారు. ఆ దేశపు కనీస వేతన చట్టం వారికి వర్తించదు. ఈ ఏర్పాటును ఐక్యరాజ్యసమితి సంఘం 2023లో విమర్శించినది.

అయినను జర్మనీ నుండి మనం నేర్చుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది. మహాసభ వేదిక మీద కాదు, అక్కడి ఫ్యాక్టరీలలో, ఆఫీసులలో ఉన్నది. తీవ్ర వైకల్యం గల ఉద్యోగులు ఐదుగురు ఉన్న ప్రతి పనిస్థలంలోను వారు తమలో తాము ఒక ప్రతినిధిని ఎన్నుకొందురు. నాలుగు సంవత్సరాలకు ఒకసారి ఎన్నిక. వికలాంగ ఉద్యోగికి సంబంధించిన ఏ నిర్ణయమైనను తీసుకొనుటకు ముందు యజమాని ఆ ప్రతినిధికి తెలిపి, అతని మాట వినవలెను. మొదటి ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రులైనవారి కొరకు 1920లో చేసిన చట్టంలో ఈ పద్ధతికి పునాది పడినది. మన చట్టం 23వ సెక్షను ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండవలెనని చెప్పినది. మంచిదే. అయితే ఆ అధికారిని నియమించునది యజమాని. యజమానిపై ఫిర్యాదు యజమాని మనిషికే ఇచ్చుకొనవలెను. ఎన్నుకున్న ప్రతినిధి వేరు, నియమించబడిన అధికారి వేరు. ఈ భేదం కార్మిక సంఘానికి ఎవరూ వివరించనక్కరలేదు. ఇటువంటి ప్రతినిధి కొరకు డిమాండు మన కోర్కెల పత్రంలో చేరవలెనని మా అభిప్రాయం. ప్రతి డివిజనులోను, ప్రతి పోస్టల్ సర్కిలులోను పోస్టులు సరెండరు చేయు ముందు డీకేటగరైజ్ అయినవారికి తగిన పోస్టులను గుర్తించి, వాటిని ముట్టరాదను నియమం కూడ కోరవలెను.

యాజమాన్యాన్ని అడుగుటకు ముందు మన ఇంటిని కూడ ఒకసారి చూచుకొనవలెను. అదే 27వ అధికరణం, వికలాంగులు తమ కార్మిక సంఘ హక్కులను ఇతరులతో సమానంగా వినియోగించుకొనగలుగునట్లు చూడవలెనని చెప్పుచున్నది. మా శాఖ కార్యాలయం మేడ మీద ఉన్నది. ఇరవై రెండు మెట్లు. ఇరవై ఐదు సంవత్సరాలుగా మేము ఆ మెట్లు ఎక్కి దిగుచున్నాము. వాటిని ఎన్నడూ లెక్కపెట్టలేదు. గత సంవత్సరం చక్రాల కుర్చీలో వచ్చిన ఒక తపాలా సోదరుడు క్రిందనే ఆగి ఫోను చేసినాడు. మేము ఇద్దరం దిగి వెళ్ళి, రోడ్డు పక్కన టీ బడ్డీ వద్ద నిలబడి అతని సమస్య విన్నాము. వర్షం వచ్చినది. అప్పుడు లెక్కపెట్టినాము.

ఆ సోదరుడు ఇరవై సంవత్సరాలుగా చందా కట్టుచున్న సభ్యుడు. ఒక్క సర్వసభ్య సమావేశానికి కూడ రాలేదు. అతనికి ఆసక్తి లేదని మా రిజిస్టరు చెప్పుచున్నది. మా కార్యవర్గంలో వైకల్యం గలవారు ఎందరు అని లెక్కించబోతే ఒక్కరి పేరును వ్రాయలేకపోయినాము. వినికిడి లేని సభ్యులకు మన సభలలో ఏమి జరుగుచున్నదో చెప్పువారు లేరు. రైల్వే స్టేషన్లలోను, పోస్టాఫీసులలోను సదుపాయాలు యజమాని ఇష్టాయిష్టాలకు వదలరాదని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మేము కరపత్రంగా వేసి పంచినాము. ఆ కరపత్రాల కట్టలను ఆ ఇరవై రెండు మెట్ల మీదుగానే మోసుకొని పోయినాము.

క్రింది అంతస్తులో ఒక గది చూచినాము. అద్దె ఇప్పటిదానికి దాదాపు రెట్టింపు. కోశాధికారి అభ్యంతరం చెప్పినాడు. అతని లెక్కలో తప్పు లేదు. విషయం వచ్చే కార్యవర్గ సమావేశం ముందుకు వచ్చుచున్నది. ఆ సమావేశం మాత్రం మేడ మీద జరుగదు. స్టేషనుకు దగ్గరగా, మెట్లు లేని ఒక హాలు ఆ ఒక్క రోజుకు అద్దెకు తీసుకున్నాము. ఆ తపాలా సోదరునికి నోటీసు పంపినాము. వచ్చెదనని ఉత్తరం వ్రాసినాడు, తనతోపాటు మరి ముగ్గురిని తీసుకొని వత్తునని కూడ వ్రాసినాడు. ఆ ముగ్గురి పేర్లు మా సభ్యత్వ రిజిస్టరులో మొదటి నుండి ఉన్నవే.